మూడు వచనాల మనిషి మీద కథ రాయాలంటే

బైబిల్లోని దావీదు మీదో ఎస్తేరు మీదో కథ రాద్దామని కూర్చుంటే చదివేవాళ్లకి తర్వాతి సీను ముందే తెలిసిపోతుంది. గొల్యాతు పడిపోతాడని తెలియనివాళ్లు ఎవరున్నారు? అదే ఎబెద్మెలెకు అని చెప్పి చూడండి, సండే స్కూల్లో పదేళ్లు కూర్చున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి "ఆయనెవరు?" అంటారు. ఆ ప్రశ్నే మీ పెట్టుబడి. కాకపోతే ఇలాంటి కథలు చాలావరకు ఒకే చోట బోల్తా కొడతాయి: బైబిల్లో రెండు మూడు వచనాల్లో మాత్రమే కనిపించే మనిషిని తీసుకొచ్చి మోషే పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆయనకి దర్శనాలు వస్తాయి, పేజీలకి పేజీలు ప్రసంగాలు చేస్తాడు, కనిపించిన ప్రవక్తలంతా ఆయన్ని పేరు పెట్టి పలకరిస్తారు. అసలు ఆయన మనకి నచ్చిందే, ఒక్క పని చేసి చప్పుడు లేకుండా పక్కకి తప్పుకున్నందుకు కదా. అందుకే నేను చెప్పబోయేదంతా ఆ మనిషిని ఆ కొలతలోనే ఉంచి కథ నడపడం గురించి.

ముందు ఎవరి మీద రాయాలో తేల్చుకోవాలి. నేను చూసేది ఒకటే, ఆ వచనంలో ఆ మనిషి ఒళ్లు కదులుతోందా లేదా అని. రొదే అనే పనిపిల్ల పేతురు గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తియ్యడం మానేసి లోపలికి పరుగెత్తింది, ఆయన బయట తలుపు కొడుతూనే ఉన్నాడు (అపొస్తలుల కార్యములు 12). త్రోయలో ఐతుకు అనే కుర్రాడు, పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగుతుంటే కిటికీలో కూర్చుని జోగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆ గదిలో చాలా దీపాలు ఉన్నాయని ఆ పుస్తకం రాసిన లూకా పనిగట్టుకుని చెప్పాడు, అన్ని నూనె దీపాలంటే ఎంత ఉక్కగా ఉండి ఉంటుందో ఆలోచించండి. తెర్తియు ఉన్నాడు, పౌలు చెప్తుంటే రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకి పంపిన ఉత్తరం మొత్తం, గ్రీకులో ఏడు వేల పైచిలుకు మాటలు, చేత్తో రాసి, చివరి అధ్యాయంలో ఒక్కసారి తల పైకెత్తి "ఇది రాసిన నేను కూడా మీకు వందనాలు చెప్తున్నా" అని మళ్లీ వంచేసుకున్నాడు. వీళ్లందరికీ చేతులో కాళ్లో నిద్రో నొప్పో ఉన్నాయి కాబట్టి కథ పుడుతుంది. మొదటి దినవృత్తాంతముల తొలి 9 అధ్యాయాల్లో ఉత్త పేరుగా మాత్రమే ఉన్నవాళ్ల జోలికి తొలి కథకే వెళ్లకండి, అక్కడ మీరు చెప్పేదంతా కల్పనే అవుతుంది, ఇక బైబిలు వ్యక్తి అని చెప్పుకోవడానికి ఏం మిగలదు.

మనిషి దొరికాక రాయడం మొదలుపెట్టొద్దు. ఆ భాగాన్ని నోట్‌బుక్కులో చేత్తో రాసుకోండి. టైపు చేస్తే కన్ను జారిపోతుంది, చేత్తో రాస్తే ప్రతి మాట దగ్గరా ఆగాల్సిందే. వేరే అనువాదాలు కూడా పక్కన పెట్టుకుని, వాక్యం చెప్పింది ఒక పక్క, చెప్పనిది ఒక పక్క, ఈ మనిషి విషయంలో ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడనిది ఇంకో పక్క రాసుకోండి. మీ కథంతా రెండో పక్క నుంచే వస్తుంది, కానీ మిమ్మల్ని కాపాడేది మూడోది.

అదే మనిషి ఇంకెక్కడైనా కనిపిస్తాడేమో కూడా వెతకాలి, ఇక్కడ బద్ధకిస్తే నష్టపోతారు. యేసుని పట్టుకున్న రాత్రి ప్రధాన యాజకుడి దాసుడి చెవి తెగిందని నాలుగు సువార్తలూ చెప్తాయి, కానీ అతని పేరు మల్కు అని, నరికింది పేతురని చెప్పింది యోహాను ఒక్కడే, యేసు ఆ చెవిని ముట్టి బాగుచేశాడని రాసింది లూకా ఒక్కడే. ఇంతవరకు చాలామందికి తెలుసు. చాలామంది దాటేసేది యోహాను 18:26. ఆ రాత్రి మంట దగ్గర పేతురుని "తోటలో నిన్ను చూళ్లేదా?" అని నిలదీసినవాడు మల్కు బంధువు. అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి చెవి గురించి మాట్లాడుకున్నారనే కదా! నాకైతే ఈ ఒక్క ముక్కతో నవలే కనిపిస్తుంది.

ఇక ఎబెద్మెలెకు దగ్గరికి వద్దాం, పని ఎలా సాగుతుందో ఆయన మీదే చూపిస్తాను. యిర్మీయా 38. బబులోను సైన్యం యెరూషలేముని చుట్టుముట్టింది. లొంగిపోతే బతుకుతారని ప్రవక్త యిర్మీయా చెప్తుంటే, సైనికుల ధైర్యం పోగొడుతున్నాడని అధికారులు ఆయన్ని మల్కీయా గోతిలోకి తాళ్లతో దించేశారు. గోతిలో నీళ్లు లేవు, బురదే, ఆయన అందులో కూరుకుపోయాడు. రాజు సిద్కియా వాళ్లకి అడ్డం చెప్పే స్థితిలో లేడు. అప్పుడు రాజు ఇంట్లో పనిచేసే కూషీయుడు, నపుంసకుడు, ఎబెద్మెలెకు, బెన్యామీను ద్వారం దగ్గర కూర్చున్న రాజు దగ్గరికి వెళ్లి అడిగాడు. రాజు ముప్ఫై మందిని ఇచ్చాడు. ఆయన ఖజానా కింది గదిలోకి వెళ్లి పాత చిరుగు గుడ్డలు తీసుకుని తాళ్లతో కిందికి దించి, వీటిని చంకల్లో తాళ్ల కింద పెట్టుకో అని చెప్పి పైకి లాగించాడు.

మొత్తంలో ఎక్కడ ఆగాలి? మామూలుగా రాసేవాళ్లు రాజు ముందు సీను మీద పడతారు, అక్కడ డైలాగులు బాగా పండుతాయని. నేను గుడ్డల దగ్గర ఆగుతాను. ముప్ఫై మంది బయట నిలబడి ఉన్నారు, అధికారులకి తెలిస్తే ఏమవుతుందో తెలీదు, గోతిలో మనిషి చచ్చిపోతున్నాడు, ఇంత టెన్షన్‌లో ఒకడికి తాడు ఒరుసుకుని చంకలు కోసుకుపోతాయన్న ఆలోచన రావడమే విశేషం. పైగా పాత గుడ్డలు ఏ గదిలో ఉంటాయో తెలిసినవాడు. ఆ గది రాజుకే తెలిసి ఉండకపోవచ్చు, పనివాళ్లకి తెలుస్తుంది.

తర్వాత 39వ అధ్యాయం. 15 నుంచి 18 దాకా దేవుడు యిర్మీయా ద్వారా ఆయనకి ఒక మాట పంపాడు, నువ్వు నన్ను నమ్ముకున్నావు కాబట్టి నీ ప్రాణం దక్కుతుందని. అందులో 17వ వచనంలో, నువ్వు భయపడే మనుషుల చేతికి నిన్ను అప్పగించను అని ఉంటుంది. అంటే ఎబెద్మెలెకు భయపడ్డాడు. నేను మొదటిసారి ఇది గమనించినప్పుడు అప్పటిదాకా రాసుకున్న నాలుగు పేజీలూ పక్కన పడేశాను, ఎందుకంటే వాటిలో ఆయన సింహంలా నడుచుకుంటూ ద్వారం దగ్గరికి వెళ్లాడు. ఆయన స్వభావం వాక్యమే చెప్పేసింది, మనం కనిపెట్టక్కర్లేదు.

పేరు సంగతి కూడా చూడండి. ఎబెద్మెలెకు అంటే హెబ్రీలో "రాజు సేవకుడు". పుట్టినప్పుడు తల్లి పెట్టిన పేరు కాకపోవచ్చు, ఉద్యోగాన్ని బట్టి జనం పిలిచే పేరే ఉండొచ్చు. కూషు, అంటే ఐగుప్తుకి దక్షిణాన నైలు నది పై భాగం, అక్కడి నుంచి వచ్చినవాడికి ఇంట్లో ఇంకేదో పేరు ఉండే ఉంటుంది. ఆ పేరు మీరు పెట్టాలా వద్దా? పెట్టొచ్చు, కానీ నేను పెట్టలేదు. కథలో ఒకచోట ఎవరో "నీ అసలు పేరేంటి?" అని అడిగితే ఆయన చెప్పేలోపే సీను తెగిపోతుంది. తెర్తియు అన్నా లాటినులో "మూడోవాడు" అనే, ఆ పక్క వచనంలోనే క్వర్తు అని ఇంకొకడున్నాడు, అంటే "నాలుగోవాడు". అన్నదమ్ములా, ఒకే ఇంటి దాసులా, లేక ఊరికే కలిసొచ్చిందా, మీ ఇష్టం.

ఇప్పుడు కాలం, స్థలం. ముట్టడి సిద్కియా 9వ ఏట పదో నెలలో మొదలై 11వ ఏట నాలుగో నెలలో గోడ కూలేదాకా సాగిందని 39వ అధ్యాయమే చెప్తోంది, అంటే ఏడాదిన్నర. యిర్మీయాకి రోజుకొక రొట్టె రొట్టెలవాళ్ల వీధి నుంచి వచ్చేది, ఊళ్లో రొట్టెలు అయిపోయేదాకా. ఆ వీధి వాసన ఎప్పుడు ఆగిపోయిందో అన్నది ఒక పేరా కాదూ? నీళ్ల గోతులంటే ఆ ప్రాంతంలో సున్నపురాయిలో తవ్వి, లోపల గచ్చు పూసి, వాన నీళ్లు పట్టుకునేవి. మూతి ఇరుకు, కింద వెడల్పు, కాబట్టి లోపల పడ్డవాడు గోడ పట్టుకుని ఎక్కలేడు. బురదే మిగిలిందంటే ఊళ్లో నీళ్ల పరిస్థితి ఏంటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి వివరాలు కథకి పనికొస్తాయి, ఎందుకంటే మనిషి మీద పనిచేస్తాయి.

తవ్వకాల్లో దొరికినవి కూడా చూడండి. యిర్మీయాని గోతిలో వేయించిన అధికారుల పేర్లు 38:1లో ఉన్నాయి, వాళ్లలో షెలెమ్యా కొడుకు యూకలు పేరుతో ఒక మట్టి ముద్ర 2005లోనూ, పషూరు కొడుకు గెదల్యా పేరుతో ఇంకొకటి 2008లోనూ యెరూషలేములో పాత దావీదు పట్టణం తవ్వకాల్లో దొరికాయి. చూడ్డానికి గోరంత మట్టి ముక్కలు. పత్రాన్ని చుట్టి తాడు కట్టి, ముడి మీద తడి మట్టి పెట్టి ముద్ర వేసేవాళ్లు. ఇది తెలిశాక నా కథలో యూకలు కేకలు వేసే విలన్‌గా ఉండటం మానేశాడు, పొద్దున్నే కూర్చుని పత్రాల మీద ముద్రలు వేసుకునే ఆఫీసరయ్యాడు, గోళ్ల సందుల్లో మట్టితో. అలాంటివాడు ఒక మనిషిని గోతిలో వేయించడం ఇంకా భయంకరంగా ఉంటుంది. యూదా కోట లాకీషు దగ్గర 1935లో దొరికిన కుండపెంకుల ఉత్తరాలు కూడా దాదాపు ఆ చివరి రోజులవే. ఒకదానిలో, లాకీషు నుంచి వచ్చే సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా కనిపించడం లేదు అని ఉంటుంది. యిర్మీయా 34:7 తీసి చూడండి, అప్పటికి మిగిలినవి లాకీషు, అజేకా అనే రెండు కోటలే. నాకు ఒళ్లు జలదరించింది.

అయితే తెలిసిందంతా కథలో కుమ్మరించొద్దు. ముద్రల సంగతి చెప్పాలని నాకెంత దురదగా ఉన్నా, కథలో అది గోళ్ల సందు మట్టిగా మాత్రమే మిగలాలి.

గదిలో సీను నేను ఇలా రాశాను:

"దీపం నూనె అడుగంటింది. తాళ్ల చుట్ట భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాక అతని అరచెయ్యి తాడు మీద ఆగింది. గరుకు. పీచు గుచ్చుకుంటోంది. ఈ తాడే ఒక ముసలి ఒంటి బరువంతా మోయాలి. వెనక్కి తిరిగాడు. మూల పడేసిన గుడ్డల మూట విప్పితే చెమటా ఎలుకల వాసనా కలిసి కొట్టింది. ఒక్కొక్కటీ లాగి చూశాడు, మరీ చీకిపోయినవి పక్కన పెట్టాడు. పైనుంచి ఎవరో విసుగ్గా పిలిచారు. వస్తున్నా, అన్నాడు, గొంతు అతనిది కానట్టు వినిపించింది."

ఇందులో దేవుడు అన్న మాట లేదు, ప్రార్థన లేదు. చేతులు వణికాయని కూడా రాయలేదు, గొంతు మారిందన్నాను, భయం అక్కడ సరిపోతుంది. "ఇది క్రైస్తవ కథ ఎలా అవుతుంది?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఆయన విశ్వాసం ఏంటో దేవుడే 39వ అధ్యాయంలో చెప్పాక, మళ్లీ మనం గదిలో మోకరింపజేసి చెప్పించడం ఎందుకు?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. నా మొదటి కథ, కుష్ఠు పట్టిన సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లోని చిన్నపిల్ల మీద, రెండో రాజులు 5. ఆ పిల్లతో యజమానురాలి ముందు మూడు పేజీల సాక్ష్యం చెప్పించాను. చదివిన ఒక పెద్దావిడ కాగితాలు తిరిగిచ్చేస్తూ, "బాగుందమ్మా, కానీ ఈ పిల్లకి వాళ్లమ్మ ఒక్కసారి కూడా గుర్తు రాదా?" అంది. అంతే, నాకు నోట మాట రాలేదు. దోపిడీ దండు ఎత్తుకొచ్చిన పిల్ల అది. బైబిల్లో ఆమె మాట్లాడింది ఒక్క వాక్యం, అది కూడా ప్రసంగంలా ఉండదు, మా అయ్యగారు షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గర ఉంటే ఎంత బావుండునో అన్నట్టు ఒక కోరికలా ఉంటుంది. తన సొంత దేశపు పట్టణం షోమ్రోను అన్న మాట నోట్లోంచి వచ్చినప్పుడు ఆ పిల్లకి ఇల్లు గుర్తొచ్చి ఉంటుందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఆమె నయమానుతో నేరుగా మాట్లాడలేదు, అతని భార్యతో అంది. అతను బాగై వచ్చాక ఆమె ఏమైందో వాక్యం చెప్పదు. చివర్లో ఇంటికి పంపించేసి కన్నీళ్లు తెప్పించాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ ముగింపు కథకి తగిందో, మన మనసుని ఊరడించుకోవడానికి పెట్టుకున్నదో మిమ్మల్ని మీరే నిజాయితీగా అడగండి.

రిస్పా లాంటివాళ్ల మీద రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త (రెండో సమూయేలు 21). సౌలు ఉపపత్ని, ఇద్దరు కొడుకుల్ని ఉరితీస్తే బండ మీద గోనెపట్ట పరుచుకుని, పగలు పక్షుల్నీ రాత్రి మృగాల్నీ తోలుతూ కూర్చుంది, యవల కోత మొదలైనప్పటి నుంచి వాన పడేదాకా. అక్కడ యవల కోత దాదాపు ఏప్రిల్, వానలు మామూలుగా అక్టోబరుకి గాని రావు. మూడేళ్ల కరువు తర్వాత వాన అకాలంగా ముందే వచ్చిందని కూడా అనుకోవచ్చు. ఆరు వారాలా ఆరు నెలలా అన్నది కథ మొదలుపెట్టకముందే తేల్చుకోండి, మధ్యలో తడబడితే చదివేవాళ్లు పట్టేస్తారు. ఇంకో సంగతి, వేలాడుతున్నవాళ్లు ఏడుగురు. ఇద్దరు రిస్పా కొడుకులు, మిగతా ఐదుగురు సౌలు కూతురి పిల్లలు. ఆ ఐదుగురి తల్లి ఎక్కడుంది? వాక్యం చెప్పదు. రిస్పా ఆ ఐదుగురి మీద వాలే పక్షుల్ని కూడా తోలింది కదా.

చిన్నచిన్న పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయో గబగబా చెప్పేస్తాను. దావీదు కాలంలో నాణేలు లేవు, వెండిని తూచి ఇచ్చేవాళ్లు. సమాజమందిరాలూ పరిసయ్యులూ ఆ కాలంలో ఉండరు. ఎవరి వంటింట్లోనూ టమాటా, మిరపకాయ, మొక్కజొన్న పెట్టొద్దు, అవి అమెరికా ఖండాల నుంచి మిగతా ప్రపంచానికి వచ్చింది 1492 తర్వాతే. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి శుక్రవారం చీకటి పడి విశ్రాంతి దినం మొదలయ్యాక మీ పాత్ర బజారుకి బయల్దేరకూడదు. కొత్త నిబంధనలో తొమ్మిదో గంట అంటే మధ్యాహ్నం మూడు. ఇంకొకటి, నవ్వొస్తుంది కానీ చాలాసార్లు చూశాను, రొదే కూర్చుని "యెషయా 53వ అధ్యాయం" చదువుకుంటూ ఉంటుంది. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, ఆమెకి అవి చుట్టలు, అది కూడా ఎవరో చదివితే వినడమే.

డైలాగుల భాష దగ్గర తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన చెవుల్లో బైబిలు అంటే "నీవు వెళ్లుదువు", "ఆయన సెలవిచ్చెను" అనే మాటలే మోగుతాయి, అందుకని తెలియకుండానే పాత్రలన్నీ అలాగే మాట్లాడేస్తాయి, రాజూ పనిపిల్లా ఒకే గొంతుతో. నా పద్ధతి ఏంటంటే, లేఖనం చదివేటప్పుడో ప్రవక్త దేవుని మాట చెప్పేటప్పుడో మాత్రమే ఆ పాత భాష వాడతాను, మిగతాదంతా మామూలు మాట. అలా చేస్తే ప్రవక్త నోరు తెరిచినప్పుడు తేడా దానంతట అదే వినిపిస్తుంది. పేర్లు మాత్రం బైబిల్లో ఉన్నట్టే రాయండి. రొదే అని తెలిసిన మనిషిని రోడా అంటే చదివేవాళ్లు వేరే ఎవరో అనుకుంటారు. మాండలికం, ఇప్పటి సినిమా ఊతపదాలు వద్దు, చెడగొడతాయి.

యేసు ప్రభువు సీనులో ఉంటే, సువార్తల్లో లేని కొత్త బోధ ఆయన నోట పెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. మల్కు కథలో ఆయన చెయ్యి చెవికి తగలడం రాయొచ్చు, ఆ చేతి వెచ్చదనం రాయొచ్చు, కానీ ఆయన మల్కుతో ఏమన్నాడో లూకా రాయలేదు, మీరూ రాయకండి. ఇంకో ప్రలోభం, పేరున్నవాళ్లందర్నీ కథలోకి లాక్కురావడం. ఎబెద్మెలెకు సందు తిరగ్గానే దానియేలు ఎదురుపడడు, ఆయన అప్పటికే బబులోనులో ఉన్నాడు. పరిసయ్యుల్నీ యూదా అధికారుల్నీ గుంపుగా దుర్మార్గుల్లా చూపించే అలవాటు కూడా మానుకోవాలి. యిర్మీయా యూదుడే, రొదే తలుపు తియ్యబోయిన ఇంట్లోవాళ్లూ యూదులే.

కథ చివర ఒక అరపేజీ రచయిత మాట తప్పకుండా పెట్టండి, వాక్యంలో ఉన్నది ఇది, నేను ఊహించింది ఇది అని. రేపు ఎవరో మీ కథలోంచి ఒక ముక్క తీసుకుని ప్రసంగంలో బైబిల్లో ఉన్నట్టే చెప్పేస్తారు, జరుగుతుంది ఇది. అచ్చుకి పంపే ముందు కనీసం ఇద్దరికి చూపించండి, వాక్యం బాగా తెలిసినవాళ్లు ఒకరు, అసలు చర్చికి వెళ్లని కథల పిచ్చివాళ్లు ఒకరు. మొదటివాళ్లు తప్పులు పడతారు, రెండోవాళ్లు ఎక్కడ బోరు కొట్టిందో చెప్తారు. నా అనుభవంలో రెండోవాళ్ల మాటే ఎక్కువ మంటగా ఉంటుంది.

ముగింపు విషయంలో, వాక్యం ఎక్కడ ఆగిందో దానికి మరీ దూరం పోవద్దు. ఎబెద్మెలెకు ఎలా తప్పించుకున్నాడో, తర్వాత ఎక్కడ బతికాడో లేదు. నేను ఎన్నోసార్లు కాలుతున్న ఊళ్లోంచి ఆయన్ని బయటికి నడిపించి చూశాను, ప్రతిసారీ ఎవరిదో కథ రాస్తున్నట్టు అనిపించింది. మళ్లీ 39:15, 16 చదివాను. దేవుడు యిర్మీయాతో "నువ్వు వెళ్లి ఎబెద్మెలెకుతో చెప్పు" అన్నాడు, కానీ యిర్మీయా అప్పుడు కావలి ఆవరణలో బందీ. వెళ్లలేడు. అంటే ఎబెద్మెలెకే ఆయన దగ్గరికి వచ్చి ఉండాలి. గోతిలోంచి తీశాక కూడా, అధికారులకి భయపడుతూనే, ఏ పొద్దులో వచ్చాడో, రొట్టెలు అయిపోయిన ఊళ్లో చేతిలో ఏం పట్టుకుని వచ్చాడో. నేనైతే అక్కడే ఆపేస్తాను, ఆయన ఆవరణ తలుపు దగ్గర నిలబడి ఉండగా. ఆ సీను ఇంకా నాకు కుదరలేదు, ఆరుసార్లు రాశాను.